ఏడు భాషల మేడం

జిల్లా పేపర్లో నా ఫొటో పడిన రోజు మా గల్లీ కిరాణా కొట్టాయన నన్ను ఆపి, "ఏడు బాసలా మేడమ్? మాకు గీ ఒక్కటే సక్కగ రాకపాయె" అని నవ్వాడు. పేపర్లో శీర్షిక కూడా అదే: ఏడు భాషల మేడం. కింద వార్తలో నన్ను బహుభాషావేత్త అని రాశారు. ఆ మాట విలేకరికి నేనే అందించాను. అప్పటికే నా విజిటింగ్ కార్డు మీద అదే ఉంది, ఫోన్లో నా ఫొటో కింద కూడా అదే.

నేను మహబూబ్‌నగర్‌లో అనువాదకురాలిని. వకీళ్లు తెచ్చే పాత ఉర్దూ కాగితాలను తెలుగులోకి, తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి ఇస్తాను. కోర్టులో ఎవరైనా సాక్షికి తెలుగు రాకపోతే పక్కన నిలబడి వాళ్ల మాటను జడ్జిగారికి చేరవేస్తాను. రాష్ట్రం వచ్చిన తర్వాత కొత్త ఆఫీసులు లేచాయి, ఎక్కడెక్కడి కూలీలో మా జిల్లాలో దిగారు. మా పాలమూరు జిల్లా వాళ్లు బొంబాయికి, పుణెకు వలస పోవడం చూస్తూ పెరిగినదాన్ని. మా దగ్గరికే వలస వస్తారని చిన్నప్పుడు ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. ఏమైనా నాకు పని పెరిగింది.

పుట్టింది నారాయణపేటలో. ఇంట్లో తెలుగు, వెనకింట్లో మరాఠీ, బడికి పోయే తోవంతా ఉర్దూ. అమ్మ పుట్టిల్లు కృష్ణ అవతల రాయచూరు వైపు కాబట్టి అవ్వ వచ్చిందంటే కన్నడం. ఇవన్నీ ఆటల్లో, తగాదాల్లో, చాటుగా విన్న పెద్దవాళ్ల ముచ్చట్లలో అంటుకున్నవి. కాలేజీలో ఇంగ్లీషు కలిసింది. ఆ తర్వాత హిందీని, ఉర్దూను రెండుగా లెక్కేసుకున్నాను. హైదరాబాదులో కొన్నాళ్లు నేర్చుకున్న జర్మన్‌తో ఏడు అయ్యాయి. మా అనువాదకుల్లో అందరూ ఇట్లాగే లెక్క పెట్టుకుంటారు. ఫోన్లో మాకొక గుంపు ఉంది. అందులో ప్రతి ఫొటో కింద భాషల పేర్లు బారులు తీరి ఉంటాయి. ఎవరైనా కొత్తగా ఒకటి చేరిస్తే మిగతావాళ్లం చప్పట్ల బొమ్మలు పంపుతాం. "ఎన్ని వచ్చో అందరు రాస్తున్నరు, ఎంత వచ్చో ఎవరు రాస్తలేరు" అని కోర్టు దగ్గర ఒక పెద్ద వకీలు అన్నాడొకసారి. ఆయన ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను.

తెలుగులో మనం భాష తెలుసు అనం, వచ్చు అంటాం. ఈత వచ్చు, వంట వచ్చు అన్నట్టే. ఈత వచ్చని చెప్పిన మనిషిని బావిలోకి తోసేదాకా నిజం తెలియదు.

ఎండలు ముదురుతున్న ఒక మధ్యాహ్నం ఒక రెవెన్యూ అధికారి ఫోన్ చేశాడు. జడ్చర్ల దాటి లోపలికి పోతే ఒక ఇటుక బట్టీ ఉంది. ఒడిశా నుంచి వచ్చిన కూలీలను అక్కడ బయటికి పోనివ్వడం లేదని ఎవరో పేరు చెప్పకుండా ఆఫీసుకు ఫిర్యాదు చేశారు. విచారణకు పోతున్నాం, పేపర్లో మీ గురించి చూశాను, మీరూ రావాలి అన్నాడు.

"సార్, నాకు ఒరియా రాదు" అన్నాను జీపు ఎక్కుతూనే.

"హిందీ, మరాఠీ వచ్చు గదా మేడమ్. అన్ని అన్నదమ్ముల లెక్కనే. మీకు సమజైతది."

నేను కాదనలేదు. కొంత అర్థమవుతుందనే నా నమ్మకం కూడా. మరాఠీ తెలిసినవాళ్లకు గుజరాతీ పాట అందినట్టు, ఇదీ ఎంతో కొంత అందుతుందిలే అనుకున్నాను.

బట్టీ రోడ్డుకు దూరంగా, గుట్ట వెనక ఉంది. ముందు పొగ కనిపించింది, తర్వాత ఎర్రటి దుమ్ము, ఆ తర్వాత గుడిసెలు. పచ్చి ఇటుకలు పేర్చి పైన ప్లాస్టిక్ కవర్లు కప్పినవి. ఒక్కొక్కటీ నడుము ఎత్తు కూడా లేదు, వంగి దూరాల్సిందే. జీపు ఆగేసరికే మాకు కుర్చీలు వేసి ఉన్నాయి. వస్తున్నట్టు ఎవరు చెప్పారో తెలియదు. కూలీలందరూ నేల మీద వరసగా కూర్చుని ఉన్నారు. పిల్లలు కూడా అట్లాగే, చేతులు ఒళ్లో పెట్టుకుని. నేను చాలా బట్టీలు చూశాను. ఏ బట్టీలోనైనా పిల్లలు మట్టి కుప్పల మీద ఎగురుతుంటారు, జీపు వస్తే దాని వెనక ఉరుకుతారు. ఇక్కడ ఒక్కరు కూడా లేవలేదు.

తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన చల్లటి నీళ్ల సీసాలు తెచ్చి ఇచ్చాడు. కూలీలను వాళ్ల ఊళ్ల నుంచి తోలుకొచ్చిన మేస్త్రీ. అతనిదీ ఆ వైపే అట, కానీ తెలుగు మనవాళ్ల లాగే మాట్లాడుతున్నాడు.

"మేడమ్‌కెందుకు తక్లీఫ్. వాళ్ల బాస నాకు వచ్చు. నేను చెప్త సార్" అన్నాడు.

అధికారి అడిగాడు, "పని ఎట్లుంది, తిండి సక్కగ పెడుతుండ్రా అని అడుగు."

మేస్త్రీ అడిగాడు. ముందు వరసలో ఒక మనిషి చాలాసేపు మాట్లాడాడు. గొంతు పైకి లేచింది, మళ్లీ దిగింది. మధ్యలో రెండుసార్లు ఆగి మేస్త్రీ ముఖంలోకి చూశాడు.

"అంత మంచిగనే ఉందట సార్" అన్నాడు మేస్త్రీ.

నేను హిందీలో కలగజేసుకున్నాను. హిందీ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఇద్దరు ముగ్గురు తలెత్తారు. తెలుసని వాళ్ల కళ్లే చెప్పాయి. మేస్త్రీ ఊరికే వాళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఎత్తిన తలలు దిగిపోయాయి.

అప్పుడు గుడిసెల్లోంచి ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. వయసు ఇరవై దాటి ఉండదు. జుట్టు విరబోసుకుని ఉంది, రవిక ముందంతా తడిసి ఉంది. నీళ్లు మోసుకొచ్చిందనుకున్నాను. ఆమె అధికారి వైపు కూడా చూడలేదు. అక్కడున్న వాళ్లలో ఒంటికి మట్టి అంటని ఆడదాన్ని నేనొక్కదాన్నే. నేరుగా నా దగ్గరికే వచ్చి ఒక మాట అన్నది.

నా చెవికి అది ఇట్లా వినిపించింది: మోర్ చుఆ మరిగలా.

మేస్త్రీ పెద్దగా నవ్వాడు. "చూహా మర్ గయా అంటాంది సార్. గుడిసెల ఎలుక సచ్చిందట. వాసనొస్తాందని లొల్లి."

అధికారి నవ్వాడు. జీపు డ్రైవరూ నవ్వాడు. ఉర్దూ గాలిలో పెరిగినవాళ్లం, చూహా అంటే ఎలుక అని మా జిల్లాలో ఎవరికి తెలియదు? మర్ గయా అంటే చచ్చిందని ఎవరికి తెలియదు? అతను అబద్ధం చెబుతున్నాడని అనిపించే సందే లేదు. అతను నోరు తెరవకముందే నా చెవి కూడా ఆ మాటను ఎలుకగానే మార్చి పెట్టింది. నాకు ఉర్దూ రాకపోయి ఉంటే ఆ మాట నాకు అర్థం కాకుండా ఉండేది. వచ్చు కాబట్టే అర్థమైపోయింది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎండిన మట్టి గుచ్చుకుంది. మళ్లీ అదే మాట, ఈసారి మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కొక్క ముక్క విడదీసి అన్నది. వెనక వరసలో ఒక మగమనిషి రెండు మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఎలుక చచ్చిపోతే ఎవరూ అట్లా తల దించుకోరు.

"ఎలుకే గదా మేడమ్?" అన్నాడు అధికారి. "మీరు అవునంటే చాలు, రాసుకొని పోదాం. ఎండ చూడుండ్రి."

"నాకు ఈ భాష రాదు సార్" అన్నాను.

"మీకు కూడ వినపడ్డది గదా."

"వినపడ్డది. ఎలుక అనే వినపడ్డది. కానీ ఆమె మాట్లాడుతున్నది హిందీ కాదు. ఈ మాటకు నేను అవుననలేను, కాదనలేను. వచ్చినవాళ్లను పిలుద్దాం."

ఇన్నేళ్లలో పని జరుగుతున్న చోట, అందరి ముందు, నాకు రాదు అని నేను అన్నది అదే మొదలు. మేస్త్రీ ముఖంలో నవ్వు అట్లాగే ఉంది, కళ్లలోంచి మాత్రం పోయింది.

మహబూబ్‌నగర్‌లో నాకు తెలిసిన ఒక ప్రైవేటు దవాఖానలో ఒడిశా నుంచి వచ్చిన నర్సు ఉంది. అక్కడే నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. ఆపరేషన్ థియేటర్లో ఉందని, సాయంత్రం దాకా బయటికి రాదని వేరే అమ్మాయి ఎత్తి చెప్పింది. ఆ ఆడమనిషి మాటను ఫోన్లో రికార్డు చేసుకుంటానంటే మేస్త్రీ అడ్డం వచ్చి, "గవన్ని వద్దు మేడమ్, ఓనర్ ఒప్పుకోడు" అన్నాడు. సాయంత్రం దాకా ఇక్కడే ఉందామన్నాను. లేకపోతే ఒక పోలీసునైనా కాపలా పెట్టమన్నాను.

"ఏ ముచ్చట మీద పెట్టాలె మేడమ్? ఎలుక మీదనా?" అన్నాడు అధికారి. అతను చెడ్డవాడు కాదు. ఎండకు అలసిపోయాడు, అంతే. "రేపు పొద్దుగాల ఆమెను తోలుకొస్తం. ఒక్క రోజుల ఏమైతది?"

జీపు ఎక్కుతుంటే మేస్త్రీ నా వైపు వచ్చి తలుపు మర్యాదగా మూశాడు.

"పేపర్ల సూసిన మేడమ్ మీ ఫొటో. ఏడు బాసలంట గదా" అన్నాడు. తర్వాత కిటికీలోకి కొంచెం వంగి, "ఇల్లు కోర్టు ఎనక గల్లీలనే గదా" అన్నాడు.

పేపర్లో నా ఇంటి సంగతి లేదు.

తోవంతా ఆ మాటనే లోలోపల అనుకుంటూ వచ్చాను, మరిచిపోతానేమోనని. మోర్ చుఆ మరిగలా. నాకు రాని భాషలో మాటను నోట్లో పెట్టుకోవడం, వేరేవాళ్ల వస్తువును దాచడం లాంటిది. ఎక్కడ పట్టుకోవాలో తెలియదు, ఎక్కడ విరుగుతుందో తెలియదు. చూహా అన్న మాట పక్కన చేరి దాన్ని తన వైపు లాగుతూనే ఉంది.

ఆ రాత్రి నర్సు ఫోన్ కలవలేదు, దవాఖానలో కబురు మాత్రం పెట్టగలిగాను. మర్నాడు పొద్దున్నే ఆమెను ఎక్కించుకుని బయలుదేరాం. చలాకీ మనిషి. మా దగ్గరే తెలుగు నేర్చుకుంది కాబట్టి యాస మాదే, అక్కడక్కడ ఒక అక్షరం మాత్రం గుండ్రంగా పలుకుతుంది. జీపు ఊరు దాటేదాకా దవాఖాన ముచ్చట్లు చెప్పింది.

"ఇంతకు ఆమె ఏమన్నది మేడమ్?" అని అడిగింది.

నేను చెప్పాను. చూహా అంటే ఎలుక కదా అని కూడా అన్నాను.

ఆమె చేతిలో ఉన్న బత్తాయి తొక్క తీయడం ఆపేసింది. "మల్లొక్కసారి అనుండ్రి."

అన్నాను.

"ఎలుక కాదు" అన్నది. "మా దిక్కు ఛుఆ అంటే పిల్ల. చంటిపిల్ల. నా బిడ్డ సచ్చిపోయింది అన్నదామె."

ముందు సీట్లో అధికారి వెనక్కి తిరిగాడు. తడిసిన ఆ రవిక అప్పుడు నా కళ్ల ముందుకు వచ్చింది. అవి నీళ్లు కావు. నాకూ ఒక బిడ్డ ఉంది. పాలు చేపుకొచ్చి తాగేవాళ్లు లేకపోతే రవిక అట్లా తడుస్తుందని నాకు తెలుసు. అది తెలుసుకోవడానికి ఏ భాషా అక్కర్లేదు.

"జల్ది పోనీ" అన్నాడు అధికారి డ్రైవర్‌తో.

గుట్ట మలుపు తిరిగితే పొగ కనిపించింది. బట్టీ కాలుతూనే ఉంది. దాని చుట్టూ ఒక్క కూలీ కూడా లేడు. గుడిసెల మీది ప్లాస్టిక్ కవర్లు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. వంగి లోపలికి చూశాను. ఒక పొయ్యిలో బూడిద వెచ్చగా ఉంది. ఒక మూల చిన్న గుడ్డ ఊయల, దాని తాడు సగం కోసి వదిలేశారు. తడి మట్టిలో లారీ టైర్ల గుర్తులు. కావలి ముసలాయన ఒకడు బీడీ తాగుతూ కూర్చున్నాడు.

"రాత్రే లారీ వచ్చింది. అందర్ని ఎక్కిచ్చుకపోయిండ్రు" అన్నాడు.

"యాడికి?"

"నాకేమెర్క సార్. ఏడ్సుకుంట పోయిండ్రు."

నర్సు మాతో లేదు. చూస్తే మట్టి తవ్విన గుంత దాటి, అవతల గట్టు మీద నిలబడి ఉంది. దగ్గరికి పోయాను. అక్కడ నేలను చదును చేసి, పైన ముళ్ల కంప పరిచి ఉంది. కుక్కలు తవ్వకుండా మనవాళ్లు వేసినట్టే. ఆ చోటు ఎంతో పెద్దది కాదు. ఆమె కూలబడి, ఆ కంప మీద చెయ్యి ఆనించి, తన భాషలో ఏదో చెప్పింది. నేను అర్థం అడగలేదు.

ఆ తర్వాత పోలీసులొచ్చారు, డాక్టర్లొచ్చారు. జ్వరం తగ్గక, దవాఖానకు చేర్చక పసిగుడ్డు ప్రాణం పోయిందని తేలింది. దవాఖానకు పోతామంటే వాళ్లను బయటికి పోనివ్వలేదని పక్క ఊరివాళ్లు చెప్పుకున్నారు. రాసి ఇవ్వమంటే ఎవరూ ముందుకు రాలేదు. ఓనరు తనకేమీ తెలియదన్నాడు. మేస్త్రీ ఫోన్ ఆగిపోయింది. కేసు నడుస్తూనే ఉంది. ఆ లారీ కర్ణాటక వైపు పోయిందని ఒకరు, కరీంనగర్ వైపని ఒకరు చెప్పారు. నర్సు తన చుట్టాల ద్వారా ఒడిశా ఊళ్లలో ఎంతో వాకబు చేయించింది. కానీ ఏమని వాకబు చేయాలి? ఆ తల్లి పేరు మాకు తెలియదు. నీ పేరేంది, మీదే ఊరు అని అడగడానికి కావలసిన రెండు మాటలు ఆ రోజు నా దగ్గర లేవు. ఆ ఆడమనిషి ఇప్పటిదాకా దొరకలేదు.

నేను చేసింది సరైనదేనా అని చాలాకాలం ఇద్దరి మాటల మధ్య నలిగాను. అధికారి ఒకసారి ఆఫీసులో కలిసి, "మీరు ఆ రోజు అవునని ఉంటే మేము ఎలుకనే రాసుకొని వచ్చెటోళ్లం మేడమ్. ఆ బిడ్డ సంగతి ఎవరికి తెలవకపోతుండె" అన్నాడు. అది నిజమే. నర్సు మాత్రం ఒక ఆదివారం చాయ్ తాగుతూ, నన్ను తప్పుపట్టే ఉద్దేశం ఏమీ లేకుండా, "ఇంకొంచెం సేపు మీరు ఆడనే కూసుంటే అయిపోతుండె. పొద్దుగూకంగనే నా డ్యూటీ అయిపోయింది" అన్నది. అదీ నిజమే. వాళ్లిద్దరిలో ఎవరి మాటను కొట్టేయాలో నాకు ఈ రోజుకూ తెలియదు.

ఆ వర్షాకాలంలో ఒకరోజు తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ఎక్కడో లారీ హారన్ వినిపించింది. తర్వాత, "మేడమ్, ఎనిమిదో బాస వచ్చిందా?" అని ఒక గొంతు. తాపీగా, మర్యాదగా అడిగింది. పెట్టేశాడు. పోలీసులకు చెప్పాను. ఆ సిమ్ ఎవరో చనిపోయిన ముసలామె పేరు మీద ఉందట. కొన్ని నెలలు మా ఆయన నన్ను ఒంటరిగా కోర్టుకు పోనివ్వలేదు. ఇప్పటికీ గల్లీ మొదట్లో తెల్ల చొక్కా కనిపిస్తే నా నడక దానంతటదే మెల్లగవుతుంది.

కార్డులు మళ్లీ అచ్చు వేయించినప్పుడు బహుభాషావేత్త అన్న మాట తీసేశాను. పెద్ద త్యాగమేమీ కాదు. ఆ మాట పక్కన నా పేరు చూడలేకపోయాను, అంతే. ఇప్పుడు ఎవరైనా పనికి పిలిస్తే ముందు నాకు రానివి చెబుతాను. కన్నడంలో పొలం మాటలు వచ్చు, చట్టం మాటలు రావు. మరాఠీ వింటే పూర్తిగా అందుతుంది, మాట్లాడితే చిన్నపిల్లలా ఉంటుంది. జర్మన్ వచ్చిందెంతో పోయిందీ అంతే. మా గుంపులో కుర్రవాళ్లు నవ్వుతారు. "మేడమ్, గిట్ల జెప్తే పని ఎవరిస్తరు?" అంటారు. నిజంగానే కొంత పని తగ్గింది. వాళ్ల ఫొటోల కింద భాషల వరసలు ఇంకా పొడుగవుతున్నాయి. ఫోన్లో తర్జుమా చేసే యంత్రాన్ని పక్కన పెట్టుకుని ఇంకో నాలుగు చేర్చినవాళ్లున్నారు. ఆ వరసలు చదువుతుంటే నాకు భయమేస్తుంది. వాటిలో ఏదో ఒకదాన్ని నమ్మి, ఎక్కడో ఎవరో ఒక మనిషి వచ్చి చెయ్యి పట్టుకుంటుంది.

నర్సు దగ్గర ఆదివారాలు కూర్చుని ఆమె భాష నేర్చుకుంటున్నాను. వయసు మీద పడ్డాక నాలుక తొందరగా తిరగదు. ఏ మాట విన్నా పక్కనున్న హిందీ ముందు పలుకుతుంది, దాన్ని నెట్టేస్తే గాని అసలుది రాదు.

మొన్న చలికాలం మొదట్లో హైదరాబాదు పోవడానికి మహబూబ్‌నగర్ స్టేషన్లో నిలబడి ఉన్నాను. అవతలి నుంచి వచ్చిన రైల్లోంచి మూటలతో, గిన్నెలతో, చంకల్లో పిల్లలతో ఒక గుంపు దిగింది. బట్టీల కాలం మొదలైంది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక అమ్మాయి నా పక్కకు వచ్చి నీళ్లెక్కడ అని అడిగింది. ఆ మాట అర్థమైంది. కుళాయి చూపించి, నేర్చుకున్న రెండు మూడు మాటల్లో, నాకు మీ భాష కొంచెమే వచ్చు, మెల్లగా మాట్లాడు అన్నాను. ఆమె ఆశ్చర్యంగా నవ్వింది. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, ప్లాట్‌ఫారం చివర నిలబడ్డ ఒక మనిషి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను చెప్పిన మెల్లగా అన్న మాట మరిచిపోయింది. మొదటి రెండు మాటలు అందాయి: అక్కా, మమ్మల్ని. ఆ తర్వాత మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నాకు చిక్కకుండా పోయాయి.

"ఏం కావాలె మేడమ్?" ఆ మనిషి వచ్చేశాడు. కుర్రవాడు, మెడలో తువ్వాల. "వీళ్లకు తెలుగు రాదు. ఏమన్న ఉంటే నన్నడుగుండ్రి, వీళ్ల బాస నాకు వచ్చు."

"ఆమె ఏమంటాంది?" అని అడిగాను.

"ఏం లేదు. ఊకె" అన్నాడతను.

ఆ అమ్మాయి తల దించుకుని గుంపులో కలిసింది. మూటలన్నీ లేచాయి. స్టేషన్ బయట ఇంజిన్ ఆపకుండా ఒక లారీ నిలబడి ఉంది. నేను గేటు దాకా ఉరికేసరికి లారీ వెనక తలుపు వేసేశారు.